ఎల్లారావు పాత ఫోను

మధ్యాహ్నం నమాజు చేసుకుని వచ్చేసరికి షాపు కౌంటరు అద్దం నిలువునా పగిలి ఉంది. ఆ పగిలిన అద్దానికి నా చిన్నకొడుకు ఫిరోజ్ చెంప ఆనించి ఉంది. వాడి మెడ మీద ఎల్లారావు చెయ్యి ఉంది.

గడపకి అడ్డంగా నాగబాబు పడి ఉన్నాడు. పై పెదవి చీలి, కింది పళ్ళు ఎర్రగా కనిపిస్తున్నాయి. ఎల్లారావుకి సొంత తమ్ముడు. అన్న ఫోనుని అన్నకి తెలియకుండా గురువారం నాడు తెచ్చి మా ఫిరోజ్‌కి అమ్మినవాడు. జాలరిపేట నుంచి మా పాత పోస్టాఫీసు వీధిదాకా కొట్టుకుంటూ తెచ్చారని వాడి చొక్కా చూస్తే తెలుస్తోంది. దానికి ఒక చెయ్యే మిగిలింది.

"నజీర్ బాయి వచ్చీసేడు," అంది గంగాలమ్మ. ఎల్లారావు భార్య. మొగుడి భుజానికి భుజం ఆనించి నిలబడి ఉంది.

"వచ్చీసేవా బాయ్," అన్నాడు ఎల్లారావు, నావైపు తల తిప్పకుండానే. "నీ కొడుక్కి సెప్పు. నా ఫోన్ నాకిచ్చీమను. ఇచ్చేత్తే పీక వదిలేత్తాను."

"ఇచ్చెయ్ రా," అన్నాను.

ఫిరోజ్ కళ్ళు లోపలి పనిబల్ల వైపు తిప్పాడు.

బల్ల మీద ప్లాస్టిక్ ట్రే ఉంది. అందులో వెనక అద్దం ఒక పక్క, బోర్డు ఒక పక్క, కెమెరా ముక్క, స్పీకరు, ఉబ్బిన బ్యాటరీ. డిస్‌ప్లే లేదు.

"విప్పేశావా?"

"నిన్నే విప్పాను అబ్బాజాన్. లాక్ ఉంది. నాగబాబుకి తియ్యడం రాలేదు. లాక్ ఉన్న పాత ఫోన్ ఎవడు కొంటాడు? ముక్కలుగా అయితే పోతుందని..."

"డిస్‌ప్లే ఏది?"

"కంచరపాలెం షాపువాళ్ళు పొద్దున్నే పట్టుకెళ్ళారు."

ఎల్లారావు చెయ్యి బిగిసింది. పగిలిన అద్దం కిర్రుమంది. నేను కౌంటరు దాటి వెళ్ళి నా కొడుకుని చెంప మీద కొట్టాను. గట్టిగానే కొట్టాను. వాడి ముక్కులోంచి రక్తం వచ్చింది.

మా షాపులో రెండు కట్టుబాట్లున్నాయి. అమ్మేవాడి వెంట ఇంటిమనిషి రాకపోతే ఫోను కొనకూడదు. లాక్ తియ్యలేనివాడి దగ్గర అసలు కొనకూడదు. ముక్కల మీద పదకొండు వందలు మిగులుతాయని వాడు రెండూ తప్పాడు. అయినా నేను కొట్టింది అందుకు కాదు. తండ్రి ముందే కొట్టేస్తే బయటివాడు ఒక దెబ్బ తగ్గిస్తాడు. ఆ దెబ్బ తగ్గించడానికి కొట్టాను.

లెక్క కుదిరింది. ఎల్లారావు చెయ్యి తీశాడు.

వీధిలో జనం పోగవుతున్నారు. వాళ్ళలో సగం జాలరిపేట నుంచి వెంట వచ్చినవాళ్ళే. నేను వెళ్ళి షట్టరు సగానికి దించాను. నాగబాబు కాళ్ళు అడ్డం వస్తే లోపలికి లాగాను. రక్తం లోపల ఉన్నంతసేపు మాట్లాడుకోవచ్చు. రోడ్డెక్కితే కేసవుతుంది.

"అతుకు," అన్నాడు ఎల్లారావు.

"కూర్చో ముందు."

"నాను కూకోడానికి రాలేదు. అతికి నా సేతిలో పెట్టు. తెల్లారగట్ల పడవ ఎల్లాల."

నేను బల్ల దగ్గర కూర్చుని లైటు వేశాను. సిమ్ము పెట్టే చిన్న పలక తీసి నాలుక కొసకి తాకించాను. సముద్రం ఒడ్డున పాత ఫోన్లు కొనేవాడు ముందు చెయ్యాల్సిన పని ఇదే. అమ్మేవాడు నీళ్ళు తగల్లేదని ఒట్టేస్తాడు. పలక అబద్ధం చెప్పదు.

ఉప్పు.

"ఎల్లారావ్, నా మాట విను. ఇది ఏడేళ్ళ ఫోను. చేసిన కంపెనీవాళ్ళే దీన్ని వదిలేశారు. కొత్త సాఫ్ట్‌వేరు రాదు. ఇలాంటి బ్యాటరీ విశాఖపట్నంలో ఎక్కడా దొరకదు. ఉప్పు బోర్డు దాకా వెళ్ళింది. ఎవరైనా వచ్చి ఇది కొననా అంటే వద్దంటాను. ఉంచుకోనా అన్నా వద్దనే అంటాను."

"నిన్ను రేటు అడిగేనా?"

"నా దగ్గర మంచి ఫోనుంది. రెండేళ్ళదే. ఊరికే ఇస్తాను. తప్పు మావాడిది."

"నాకొద్దు."

"ఇందులో ఏముందో అదంతా దాన్లోకి ఎక్కిస్తాను."

"ఎక్కదు," అన్నాడు ఎల్లారావు. "దీన్లో ఉన్నది దీన్లోనే పని సేత్తాది."

గంగాలమ్మ నావైపు చూసి, చూపు నేలకి దించింది.

అప్పుడు చెప్పాడు. ఫోనులో అరవై నాలుగు చోట్లున్నాయి. నీళ్ళ అడుగున రాళ్ళుండే చోట్లు, చేప నిలిచే చోట్లు. ఏడేళ్ళుగా ఒక్కొక్కటే పెట్టుకున్నవి. వల వేస్తే వట్టి వల రాని చోట్లు.

జాలరిపేటలో పడవ నడిపేవాడు అలాంటి చోటు ఎవరికీ చెప్పడు. కడుపున పుట్టినవాడికైనా, తోడబుట్టినవాడికైనా, చుక్కాని చేతికిచ్చే రోజునే చెబుతాడు. పూర్వం కొండ కొసనీ లైట్‌హౌసునీ ఒక గీతలోకి తెచ్చుకుని గుర్తు పెట్టుకునేవారు. అది కళ్ళలో ఉండే లెక్క, ఎవడూ ఎత్తుకుపోలేడు. ఎల్లారావు దాన్ని తీసుకొచ్చి ఫోనులో పెట్టాడు.

"కొండ గుర్తులు మర్చిపోయావా?" అన్నాను.

"కొండ ఎక్కడ కనబడతంది బాయ్. బీచ్ పొడుగునా అపార్ట్‌మెంట్లు లేపీసేరు కదా."

నేల మీద నాగబాబు నవ్వాడు. నవ్వితే పెదవి ఇంకా చీలింది.

"అపార్ట్‌మెంట్లేటి, అన్నియ్యా. కొండ కనబడకపోడానికి అపార్ట్‌మెంట్లేటి."

ఎల్లారావు ఆ గొంతు వచ్చిన వైపు కాలు విసిరాడు. అది నాగబాబు పక్కటెముకలకి తగిలింది. ఇంకోటి విసిరాడు. అది స్టూలుకి తగిలింది. స్టూలు వెళ్ళి గోడకి కొట్టుకుంది.

"నోరు ముయ్యి. నా ఉప్పు తిని నా ఫోన్ అమ్మీసిన లంజాకొడకా. నీకు మూతి మీద మీసం రాకముందు నుంచి తిండెట్టింది నాను."

"వదిన పెట్టింది," అన్నాడు నాగబాబు. "నువ్వు తన్నేవు. వదిన పెట్టింది."

"ఊరుకో నాగా," అంది గంగాలమ్మ. "ఊరుకోరా బాబూ."

నేను పనిలో పడ్డాను. బోర్డు మీద పచ్చగా పట్టిన ఉప్పుని థిన్నరుతో బ్రష్షు పెట్టి కడిగాను. ఫిరోజ్ ముక్కు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. అదే రకం ఫోనుది మూల పగిలిన డిస్‌ప్లే ఒకటి డబ్బాలో ఉందని వాడే గుర్తు చేశాడు. డిస్‌ప్లే తీగని పెట్టబోయి రెండుసార్లు జారవిడిచాడు.

"నువ్వు ముట్టుకోకు," అన్నాను.

బోర్డుని ఆరబెట్టడానికి గుడ్డ మీద ఉంచాను. అక్కడ నాదే పొరపాటు. బల్ల అంచుకి ఉంచాను.

నాగబాబు లేచాడు. దెబ్బలు తిన్నవాడు అంత వేగంగా లేస్తాడని నేను లెక్క వెయ్యలేదు. బోర్డు అందుకుని, విరిచే వీలు లేక, నోట్లో పెట్టుకుని పళ్ళ మధ్య బిగించాడు.

"ఏటయింది?" అన్నాడు ఎల్లారావు. "ఏటయిందే?"

"బోర్డు నోట్లో పెట్టీసుకున్నాడు. కొరికేత్తన్నాడు," అంది గంగాలమ్మ.

ఎల్లారావు మీదపడ్డాడు. ముందు జుట్టు దొరికింది, తర్వాత చెవి, తర్వాత దవడ. రెండు వేళ్ళు నోట్లోకి తోసి దవడ విరిచినట్టు తెరిచాడు. నాగబాబు ఆ వేళ్ళని కొరికాడు. ఎముక దాకా దిగాయి పళ్ళు. ఎల్లారావు అరవలేదు, వేళ్ళు బయటికి తియ్యలేదు. రెండో చేత్తో తడుముతూ షట్టరు లాగే ఇనపకొక్కెం అందుకుని తమ్ముడి ముంజేతి మీద కొట్టాడు. మొదటిది మెత్తటి చప్పుడు. రెండోది వేరే చప్పుడు.

నాగబాబు నోరు తెరుచుకుంది. బోర్డు కింద పడింది.

గంగాలమ్మ వంగి దాన్ని తీసి, చీర చెంగుతో రక్తం తుడిచి, నా ముందు పెట్టింది. వలలోంచి చేపని విడిపించినంత శ్రద్ధగా పెట్టింది. ఆ తర్వాత మరిది పక్కన కూర్చుని వాడి తల తన ఒళ్ళోకి తీసుకుంది.

ఇంట్లోకి వెళ్ళే గుమ్మానికి పరదా ఉంది. ఆ పరదా తీసుకుని నా భార్య జైతూన్ బీ వచ్చింది. ఒక చేతిలో నీళ్ళ గిన్నె, ఇంకో చేతిలో చెక్క స్కేలు. నేలంతా ఒకసారి చూసింది.

"ఆస్పత్రికి పంపండి ఇతన్ని," అంది.

"ఫోన్ ఎలిగేదాకా ఎవుడూ ఎల్డు," అన్నాడు ఎల్లారావు.

"మా ఇంట్లో ఎవరు ఉండాలో ఎవరు వెళ్ళాలో నువ్వు చెబుతావా? నీ పడవ కాదు ఇది. ఆ కొక్కెం కింద పెట్టు."

ఎల్లారావు పెట్టాడు. మగవాళ్ళం ముగ్గురం చేయించలేని పని అది.

జైతూన్ స్కేలుని నాగబాబు ముంజేతికి ఆనించి తన పాత దుపట్టాతో కట్టింది. "లే బేటా, ఆటో పిలిపిస్తాను," అంది.

"నాను ఎల్ను పిన్నీ," అన్నాడు నాగబాబు. చెమటతో మొహం తడిసిపోయి ఉంది. "అది ఎలుగుతాదో లేదో సూసే ఎల్తాను."

నేను బోర్డుని మళ్ళీ కడిగాను. ఈసారి ఉప్పుతో పాటు రక్తం కూడా. ఒక మూల పంటిగాటు పడింది గానీ దారులు తెగలేదు. ఫ్రేములో కూర్చోబెట్టి, డిస్‌ప్లే తగిలించి, పాత బ్యాటరీనే పెట్టాను. వేరేది లేదు. అది దిండులా ఉబ్బి ఉంది, వెనక అద్దం దాని మీద కూర్చోదు. అద్దం పక్కన పెట్టేశాను.

బటన్ నొక్కి పట్టుకున్నాను. నాగబాబు ఏదో గొణుగుతున్నాడు. వెలగకూడదని మొక్కుతున్నాడని అర్థమైంది.

వెలిగింది.

"ఎలిగింది," అంది గంగాలమ్మ వెంటనే.

నేను ఫోనుని ఎల్లారావు చేతిలో పెట్టాను. అతను బొటనవేలితో లాక్ గీత గీశాడు. ఫోను తెరుచుకుంది. బొటనవేలు రెండో వరుసలో మూడో బొమ్మ మీదికి వెళ్ళి నొక్కింది. నీలం పటం తెరుచుకుంది.

ఇరవై రెండేళ్ళుగా ఫోన్లు చేతుల్లో పెడుతున్నాను. చేతిలో పడిన మొదటి క్షణంలో ప్రతివాడూ తెర వైపు చూస్తాడు. పల్లెవాడైనా, కలెక్టరైనా, ముసలివాడైనా చూస్తాడు. ఎల్లారావు చూడలేదు. అతని మొహం నా భుజం మీదుగా గోడ గడియారం వైపు ఉంది.

నేను అతని చేతిలోంచి ఫోను తీసుకున్నాను. "ఉండు, ఒకటి సరిచేస్తాను," అన్నాను. తెర వెలుగుని చిట్టచివరికి తగ్గించాను. ఆ పాత డిస్‌ప్లేలో అంత తగ్గిస్తే ఏమీ ఉండదు, నల్ల రాయి పలక. అది మళ్ళీ అతని చేతిలో పెట్టాను.

"ఇప్పుడెలా ఉంది? బాగా కనబడుతోందా?"

"కనబడతంది," అన్నాడు ఎల్లారావు. "ఎప్పట్లాగే ఉంది."

జైతూన్ చేతిలో గిన్నె నిలిచిపోయింది. గంగాలమ్మ కళ్ళు మూసుకుంది.

గత గంటలో చూసినవన్నీ నాకు కొత్త ధరలతో కనబడ్డాయి. దొరికిన మనిషిని ఎందుకు వదలకుండా పట్టుకుంటాడో, రెండో తన్ను స్టూలుకి ఎందుకు తగిలిందో, భార్య ప్రతిదీ ఎందుకు పైకి చెబుతుందో. అతనికి షుగరు వచ్చి చాలా కాలమైందని మాత్రం నాకు తెలుసు.

"ఎన్నాళ్ళయింది?" అన్నాను. అతన్ని కాదు, గంగాలమ్మని.

"పోయిన దసరా నుంచి," అంది. "ఎలుగు తెలుస్తాది. మనిసి అలికిడి తెలుస్తాది. మొకం తెలీదు."

"ఏయ్," అన్నాడు ఎల్లారావు.

"సాల్లే. బాయికి తెలిసిపోనాది."

నాగబాబు గోడకి జారబడి కూర్చున్నాడు. "మొత్తం సెప్పు వదినా. సోమారం సంగతి సెప్పు. నువ్వు సెప్పకపోతే నాను సెప్తాను. పోర్టు బయట ఓడలు లంగరేసి ఉంటాయి కదా బాయ్. తెల్లారగట్ల ఆటి మధ్యలోంచి వత్తన్నాం. సుక్కాని అన్నియ్య సేతిలో. ఎడమకి తిప్పమని ఫోన్ సెప్పింది. తిప్పీసేడు. ఓడ ముక్కు కిందకి ఎల్లిపోనాం. నీడ పడితేగానీ ఎవులికీ తెలీలేదు. మాతో ఉన్న రమణమూర్తి గెడ ఎట్టి నెట్టబట్టి పక్కకొచ్చేం. ఆ గెడ విరిగి ఆడి గుండెల్లో గుచ్చుకుంది. ఆడింకా ఆస్పత్రిలోనే ఉన్నాడు. ఐదుగురం ఉన్నాం పడవలో."

"నీళ్ళు లాగీసేయి," అన్నాడు ఎల్లారావు. "ఆ పొద్దు నీటిలాగుడు ఎక్కువుంది."

"నీళ్ళు కాదు, నీ కళ్ళు."

"నా ఫోన్ నాకు సెప్తాది. ఎడం అంటాది, కుడి అంటాది, ఎంత దూరమో అంటాది. నీ కళ్ళ కన్నా బాగా సెప్తాది."

"ఓడ ఉందని సెప్పలేదు."

ఎల్లారావు బొటనవేలితో ఫోను అంచు తడిమాడు. కొరికిన వేళ్ళ నుంచి రక్తం బొట్లుగా ఫోను మీద పడుతోంది. అతనికి ఆ సంగతి తెలియదు.

ఇప్పుడు నాకు తెలిసింది ఆ పాత ఫోనే ఎందుకు కావాలో. మాట్లాడే ఆ యాప్ చేసినవాళ్ళు దాన్ని ఎప్పుడో మూసేశారు. కొత్త ఫోన్లలో ఎక్కదు. చోట్లు ఎక్కించగలను, గొంతు ఎక్కించలేను. గొంతు లేకపోతే ఎల్లారావు రేపటి నుంచి గట్టు మీద మనిషి. చుక్కాని తమ్ముడికి పోతుంది. నడిపేవాడికి వచ్చే వాటా పోతుంది. పిల్లలు లేని గంగాలమ్మ మరిది పెట్టే కూడు కోసం చూడాలి. అందుకే దసరా నుంచి ఆమె నోరు విప్పలేదు. అందుకే నాగబాబు నోరు విప్పకుండా ఫోను అమ్మేశాడు.

"బాయ్," అన్నాడు ఎల్లారావు. గొంతు తగ్గింది. "జాలరిపేటంతా నీకాడే ఎందుకు కొంటారో తెలుసా? ఫోన్ సంగతి నువ్వు అబద్దం సెప్పవు. పాడయితే పాడయిందంటావు. ఇప్పుడు సెప్పు. ఇది పని సేత్తాదా?"

గంగాలమ్మ నావైపు చూసింది. చేస్తుందని చెప్పమని చూసింది. నాగబాబు నావైపు చూశాడు. విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, చెయ్యదని చెప్పమని చూశాడు. రెండు చూపుల్నీ తూచాను. ఏ వైపు మొగ్గినా రెండోవైపు వాళ్ళు నా షాపు గడప తొక్కరు. నిజం చెబితే ఎవరికీ బాకీ ఉండను.

"ఇప్పుడు పనిచేస్తోంది," అన్నాను. "రేపటి మాట చెప్పలేను. ఉప్పు తిన్న బోర్డు, ఉబ్బిన బ్యాటరీ. రెండు నెలలు రావచ్చు. నడిసముద్రంలో గంటకే ఆగిపోవచ్చు."

"ఆగిపోతే మళ్ళీ ఎలిగించగలవా?"

"బోర్డు కడిగి తీగలు సర్దితే వెలగొచ్చు. తెలిసినవాడు దగ్గరుండాలి."

"అయితే తెలిసినోడు దగ్గరుంటాడు," అన్నాడు ఎల్లారావు.

చెయ్యి చాపాడు. తడిమాడు. ఫిరోజ్ మణికట్టు దొరికింది.

"నీ కొడుకు పడవలో వత్తాడు. నా పక్కన కూకుంటాడు. ఆగిపోతే అతుకుతాడు. ఫోన్ ఇప్పింది ఈడే కదా."

"వదులు ఎల్లారావ్."

"ఒక్క రోజు కాదు. రెండు నెల్లన్నావు కదా, రెండు నెల్లూ వత్తాడు."

"వాడికి ఈత రాదు. వదులు."

"నాకు కళ్ళు లేవు. ఎల్తన్నానా లేదా?"

బయట షట్టరు మీద ఎవరో అరచేత్తో కొట్టారు. "ఎల్లారావన్నా, ఏటి సంగతి?" జాలరిపేట గొంతులు. ఇద్దరు వంగి కిందనుంచి లోపలికి చూస్తున్నారు. దొంగసరుకు కొన్న షాపు నాది. విరిగిన చెయ్యీ రక్తం నిండిన నేలా నా షాపులోనే ఉన్నాయి. పోలీసుల్ని పిలిస్తే ముందు అడిగేది నన్నే.

"ఫిరోజ్ వెళ్ళడు," అంది జైతూన్ బీ.

"వెళ్తాను అమ్మీ," అన్నాడు ఫిరోజ్.

అందరం వాడివైపు తిరిగాం. నేను కొట్టిన చెంప మీద వేళ్ళు తేలి ఉన్నాయి. వాడు నన్ను చూడడం లేదు.

"విప్పింది నేను. అమ్మింది నేను. వెళ్తాను మావా. తెల్లారగట్ల ఎన్నింటికి?"

"నాలుగింటికి," అన్నాడు ఎల్లారావు. "సొక్కా పాతదేసుకో."

నిజం చెప్పడానికి అప్పటిదాకా నాకు ఖర్చేమీ కాలేదు. ఇరవై రెండేళ్ళలో ఎన్నిసార్లు చెప్పానో, అన్నిసార్లూ అది లాభమే తెచ్చింది. ఒక్క నిజం ధర ఇంత ఉంటుందని నేను ఎన్నడూ లెక్క కట్టలేదు.

"సరే," అన్నాను. "ఇలా ఇవ్వు. వెనక అద్దం బిగించి ఇస్తాను. ఊడిపోతే నీళ్ళు పోతాయి."

ఎల్లారావు ఫోను ఇచ్చాడు. నన్ను నమ్మి ఇచ్చాడు. ఫిరోజ్ మణికట్టు మాత్రం వదల్లేదు.

ఫోనుని బల్ల మీద బోర్లా పెట్టాను. ఉబ్బిన బ్యాటరీ తెరిచిన పొట్టలా నా ముందు ఉంది. సన్న స్క్రూడ్రైవరు అందుకున్నాను. ఒక వైపు అరవై నాలుగు చోట్లు, ఏడేళ్ళ సముద్రం, గంగాలమ్మ ముసలితనం. ఇంకో వైపు ఈత రాని నా కొడుకు. నాగబాబు చెప్పిన ఐదుగుర్ని కూడా ఆ పళ్ళెంలో వేశానని చెప్పుకుంటే బాగుంటుంది. ఆ క్షణంలో నేను వెయ్యలేదు.

గుచ్చాను.

బుస్సుమంది. తెల్లటి పొగ లేచింది, వెంటనే నిప్పు. డిస్‌ప్లే చిటపటమని పగిలింది. కాలిన ప్లాస్టిక్కూ తీపి మందూ కలిసిన వాసన షాపంతా నిండింది.

"నా ఫోన్," అన్నాడు ఎల్లారావు.

వేడి వచ్చిన వైపు రెండు చేతులూ చాపి మంటలో పెట్టాడు. ఫోనుని పట్టుకున్నాడు. పట్టుకుని గుండెకి హత్తుకోబోయాడు. గంగాలమ్మ కేకేసి అతని నడుం పట్టుకుని వెనక్కి లాగింది. అతను వదల్లేదు. చర్మం కాలే చప్పుడు నాకు వినబడింది. నాగబాబు ఒంటిచేత్తో లేచి వచ్చి అన్న మోచేతుల మీద తన బరువంతా వేసి కింద పడేశాడు. అప్పుడు ఫోను జారింది. ఫిరోజ్ బల్ల కింది ఇసుక బకెట్ తెచ్చి దాని మీద కుమ్మరించాడు.

ఇసుకలోంచి కాసేపు పొగ వచ్చింది.

జైతూన్ నీళ్ళ గిన్నెలో ఎల్లారావు చేతులు ముంచింది. అరచేతుల తోలు నీళ్ళలో తేలింది. అతను మూలగలేదు. తమ్ముడు ఇంకా అతని మీద పడే ఉన్నాడు. ఇద్దరూ ఒకే నేల మీద, ఒకరి ఊపిరి ఒకరికి తగిలేంత దగ్గరగా ఉన్నారు.

ఎల్లారావే ముందు అడిగాడు.

"ఎవులు కాల్సేరు?"

స్క్రూడ్రైవరు నా చేతిలోనే ఉంది. దాని కొస నల్లబడింది. గంగాలమ్మ దాన్ని చూస్తోంది. నాగబాబు చూస్తున్నాడు. జైతూన్ చూసి, మొహం తిప్పుకుంది.

"అదే పేలిపోనాది," అంది గంగాలమ్మ. "ఉబ్బిపోనాదని బాయి సెప్పలేదేటి?"

"ముప్పై ఏళ్ళ నుంచి నీ గొంతు వింటన్నాను," అన్నాడు ఎల్లారావు. "అబద్దం నీ గొంతులో దాగదు."

ఆమె చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాగా?"

నాగబాబు పళ్ళు బిగించుకున్నాడు.

"బాయ్, నిన్ను అడగను. నిన్ను అడిగితే నువ్వు నిజమే సెప్పాలి కదా." కాలిన చేతులు గిన్నెలోనే ఉంచి, మొహం పైకెత్తి, ఎవరూ లేని చోటుకేసి అన్నాడు. "ఫిరోజూ. నాకు ఏటీ కనబడదు. ఈ మాట ఇన్నాళ్ళకి నా నోటంట వత్తంది. నువ్వు నీ అయ్య పక్కనే ఉన్నావు. నువ్వు సూసేవా?"

బయట షట్టరు మళ్ళీ మోగింది. ఈసారి ఎవరో దాన్ని కింద అంచు పట్టుకుని పైకి లేపుతున్నారు. వెలుగు మా మోకాళ్ళ దాకా వచ్చింది.

ఫిరోజ్ నావైపు చూశాడు. నా చేతినీ, చేతిలోని స్క్రూడ్రైవరునీ, తర్వాత నా మొహాన్నీ చూశాడు. కొత్త సరుకు తెచ్చినవాడిని నేను కౌంటరు ఇవతల నుంచి ఎలా చూస్తానో, అచ్చం అలాగే చూశాడు. ఎంతకి పోతాడు ఈ మనిషి అన్నట్టు.

తర్వాత ఇసుక మీద మోకాళ్ళు ఆనించి, ఎల్లారావు పక్కన కూర్చున్నాడు.

"చూశాను మావా," అన్నాడు.